తువ్వాలు కింద కుడి చెయ్యి

నన్ను నమ్మి చదవమని అడగను. జబ్బుపడ్డ కాలమంతా నేనే ఎవరినీ నమ్మలేదు, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని ఇంకొకళ్ళని నమ్మమంటాను? మా ఊళ్ళో ఈమధ్య మరో ఇద్దరికి పక్షవాతం వచ్చింది. వాళ్ళ ఇళ్ళవాళ్ళు వచ్చి "నువ్వెలా లేచావు సుబ్బయ్యా" అని అడిగిపోతున్నారు. ఒక్కొక్కళ్ళకీ చెప్పేకంటే రాసిపెట్టమని మా అమ్మాయి పోరు పెట్టింది. నేను చెబుతుంటే అదే రాసింది. రాశాక నేను కూడబలుక్కుని మొత్తం చదువుకున్నాను, ఎందుకంటే తండ్రి పరువు కాపాడదామని మధ్యలో మాటలు మింగేసే రకం అది. రెండు చోట్ల మింగింది. మళ్ళీ పెట్టించాను.

నేను పశువుల బేరగాణ్ణి. రేపల్లె చుట్టుపక్కల సంతల్లో, ఎద్దులు అమ్మే రైతు తరఫున నిలబడి బేరం తెంచడం నా పని. మా బేరం నోటితో సాగదు. ధర పైకి చెబితే పక్కవాడు చెడగొడతాడు. అందుకని ఇద్దరి చేతుల మీదా తువ్వాలు కప్పి, దాని కింద వేళ్ళతో మాట్లాడుకుంటాం. ఏ వేళ్ళు పట్టుకున్నాం, ఎలా నొక్కాం అన్నదాన్ని బట్టి ధర తెలుస్తుంది. వద్దనుకుంటే వేళ్ళు చాపి చెయ్యి వెనక్కి తీసుకోవాలి. సరేననుకుంటే అవతలివాడి చేతిని గుప్పిట్లో బిగించాలి. బిగిస్తే బేరం తెగినట్టే, ఆ తర్వాత దేవుడు దిగొచ్చినా మాట వెనక్కి పోదు. ఇంకో సంగతి, అది కుడి చెయ్యే అయివుండాలి. జబ్బు మనిషి ఎడమ చేత్తో అన్నం తింటే లోకం క్షమిస్తుంది. బేరానికి ఎడమ చెయ్యి చాపితే మాత్రం అవతలివాడు తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోతాడు. పళ్ళు చూసి వయసు చెప్పడానికీ, సుడులు చూసి లక్షణం చెప్పడానికీ నా కళ్ళు చాలు. నాకు కూడు పెట్టింది ఆ కుడి చెయ్యి.

పంతొమ్మిదొందల అరవై ఏడు, రోహిణి కార్తె ఎండలు. పొద్దున్నే నూతి దగ్గర పళ్ళు తోముకుంటున్నాను. వేపపుల్ల చేతిలోంచి జారింది. వంగి తీసుకుందామంటే చెయ్యి కదల్లేదు, పక్కనే వేలాడుతోంది. పుక్కిలించిన నీళ్ళు మూతికి ఒక పక్కనుంచి చొక్కా మీదికి కారిపోయాయి. పిలుద్దామంటే మాట రాలేదు, ఏదో మూలుగు వచ్చింది. నా భార్య రత్తమ్మ బియ్యం చేట అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చింది. ఆమె వచ్చేలోపే నేను కూలబడ్డాను. అప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది దేవుడూ కాదు, పిల్లలూ కాదు. ముందు రోజు సంతలో వీరయ్య నాకు గోళీసోడా తాగించాడు. దాంట్లో ఏదో కలిపాడనుకున్నాను.

వీరయ్య కూడా బేరగాడే, కాకపోతే కొనేవాళ్ళ వైపు. నాకంటే చిన్నవాడు, నోట్లో నాలుక నిలవదు. నేనూ వాడూ తువ్వాలు కింద చేతులు కలిపితే సంతలో సగం జనం చుట్టూ మూగేవాళ్ళు. వాడు నన్ను "అన్నా" అంటాడు, నేను వాణ్ణి "దొంగ వెధవా" అంటాను. ఆ సోడాలో ఏమీ లేదని డాక్టర్లు తర్వాత చెప్పారు. సరే, వాళ్ళు చెప్పారు.

తెనాలి తీసుకుపోయారు. ఆసుపత్రి వరండాలో బల్ల మీద పడుకోబెట్టారు. అప్పటికే బాపట్ల నుంచి మా అల్లుడు సాంబశివరావు వచ్చేశాడు, అక్కడి వ్యవసాయ కాలేజీలో గుమాస్తా. డాక్టరు నన్ను చూసి, గిచ్చి, సూదితో గుచ్చి, నాతో ఏమీ చెప్పకుండా అల్లుణ్ణి తలుపవతలికి తీసుకుపోయాడు. ఇద్దరూ ఇంగ్లీషులో గుసగుసలు. రోగం నాది, కబురు వాడికి! నేను పోతే పొలం ఎవరి పేర పడుతుందో మాట్లాడుకుంటున్నారని నాకు గట్టిగా అనిపించింది. అల్లుడు తిరిగొచ్చి "భయం లేదు మామయ్యగారూ" అన్నాడు. భయం లేని సంగతి చెప్పడానికి తలుపెందుకు వేసుకోవాలి?

ఆ వరండాలో మా పక్కనే ఒకావిడ జ్వరం పిల్లాణ్ణి ఒళ్ళో వేసుకుని కూర్చుంది. ఎవరో, ఏ ఊరో తెలియదు. పిల్లాడికి బత్తాయి ఒలుస్తూ నా వైపు చూసి, ఒక తొన గింజలు తీసి నా నోట్లో పెట్టింది. రసం గడ్డం మీదికి కారితే తన పమిట చెంగుతో తుడిచింది. "నమలు బాబాయ్, నెమ్మదిగా నమలు" అంది. ఎందుకు పెట్టిందా అని సాయంత్రం దాకా ఆలోచించాను. ఏదో అడుగుతుందని చూశాను. ఏమీ అడగలేదు. వాళ్ళ పిలుపు రాగానే పిల్లాణ్ణి ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మృగశిర చినుకులు పడే వేళకి రేపల్లె ఇంటికి చేర్చారు. మాట కొంచెం కొంచెంగా దారికొచ్చింది. కాలు ఈడ్చుకుంటూ కర్రతో నడవగలిగాను. చెయ్యి మాత్రం ఊళ్ళోవాళ్ళ చెయ్యి అయిపోయింది. సూది గుచ్చినా తెలియదు, వేడి గిన్నె తగిలినా తెలియదు. చూడటానికి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో వైద్యం చెప్పారు. ఒకరు నూనె అన్నారు, ఒకరు పసరు అన్నారు. పావురం నెత్తురు వెచ్చగా ఉండగానే రుద్దాలని మా వదిన పట్టుబట్టింది. రుద్దారు. పావురానికి ప్రాణం పోయింది గాని నా చేతికి ప్రాణం రాలేదు.

వీరయ్య అరటిపళ్ళు పట్టుకుని వచ్చాడు. గుమ్మంలో నిలబడి నా మొహం చూడలేదు, తిన్నగా చేతి వంకే చూశాడు. నేను దాన్ని దుప్పటి కిందికి తోశాను.

"ఎట్టా ఉందన్నా?"

"బాగానే ఉంది."

"తొందరపడమాకన్నా. నీ రైతుల సంగతి నేను చూసుకుంటాలే."

చూసుకుంటాడు, ఎందుకు చూసుకోడు! వాడు వెళ్ళాక ఆ అరటిపళ్ళు గేదెకు పెట్టించాను.

అప్పటినుంచి ఇంట్లో ఎవరు ఏం మాట్లాడినా నాకు రెండో అర్థం వినిపించేది. రత్తమ్మ వంటింట్లో, నన్ను చూడ్డానికి వచ్చిన కూతురితో గొంతు తగ్గించి మాట్లాడితే నన్ను గురించే. నేను పిలవగానే వచ్చిందంటే పోబోతున్నానని జాలి, ఆలస్యంగా వచ్చిందంటే విసుగు. ఒకరోజు "సంత వదిలెయ్ అయ్యా, ఉన్నదాంతో గంజి తాగుదాం" అంది. సంతకు వెళ్ళని సుబ్బయ్య ఎవడు? అరుగు మీద కూర్చుని ఈగలు తోలుకునేవాడు. అలా బతకడం కంటే ఆ నూతి దగ్గరే పోయుంటే బాగుండేదని ఆమె మొహం మీదే అన్నాను.

శ్రావణంలో అల్లుడు వచ్చి బాపట్ల తీసుకుపోయాడు. రేపల్లెలో రైలెక్కి, తెనాలిలో దిగి బాపట్ల రైలు కోసం కూర్చుంటే, నన్ను ఎక్కడ వదిలేసి వెళ్తాడో అని అల్లుడి చొక్కా అంచు ఎడమ చేత్తో పట్టుకునే ఉన్నాను. బాపట్లలో ఒక పెద్ద డాక్టరు ఉన్నాడట. మిలటరీలో పనిచేసి, తలకు దెబ్బలు తగిలిన సిపాయిలను చూసి వచ్చినాయన. గదిలో మందుల వాసనే లేదు. మందుల్లేని డాక్టరేంటి? ఆయన ముందు నా చెయ్యి చూడలేదు, నన్ను చూశాడు.

"ఏం పని చేస్తారండీ?"

"వ్యవసాయమండి."

"పశువుల బేరమండీ," అన్నాడు అల్లుడు.

"దాంట్లో ఈ చేత్తో చేసే పనేంటి?"

నేను ఎడమ చేత్తో కుడి చేతిని ఒళ్ళోకి లాక్కున్నాను. వేళ్ళ లెక్క బయటివాడికి చెప్పకూడదన్నది మా కట్టు. పెళ్ళాలకే చెప్పం. పైగా ఆయన గోడకి ఒంగోలు గిత్త బొమ్మ ఉన్న క్యాలెండరు వేలాడుతోంది. ఎద్దులు కొనే యావ లేనివాడికి ఆ బొమ్మెందుకు?

ఆయన నవ్వాడు. "చెప్పకండి. కళ్ళు మూసుకుని, ఆ పని మీ మనసులో చెయ్యండి. ఎవరి ఎదురుగా నిలబడ్డారో చూడండి. లెక్క కట్టండి. ఏ వేలు కదపాలో అనుకోండి, అది కదిలినట్టు చూడండి. అప్పుడు నిజంగా కదపబోండి. కదలకపోయినా సరే."

"ఇది మెస్మరిజమాండీ?" అన్నాను.

"కాదండీ. చెయ్యి పాడవలేదు మీకు. చేతికి కబురు పంపే చోట దెబ్బ తగిలింది. దారి తెగింది. కొత్త దారి పడేదాకా కబురు పంపుతూనే ఉండాలి. ఒక్క చేతిని పిసికితే రాదు, ఒక్క బుర్రతో ఆలోచించినా రాదు. రెండూ ఒకేసారి జరగాలి."

నడకకీ అదే పద్ధతి. ఇసకలో నడవాలి, నడుస్తూ నెలల పేర్లు వెనక్కి చెప్పాలి. చైత్రం నుంచి కాదు, ఫాల్గుణం నుంచి. నాకు అప్పుడు తెలిసిపోయింది ఇదంతా దేనికో. నాకు మతి పోయిందని తేల్చడానికి. మతి పోయినవాడి సంతకం చెల్లదు కదా!

అయినా వెళ్ళాను. వెళ్ళకపోతే మతి పోయిందనే అంటారు. అల్లుడు కాలేజీకి సెలవు పెట్టి సూర్యలంక సముద్రపొడ్డుకి తీసుకుపోయేవాడు. వలలు ఆరేసుకునే జనం చూస్తుండగా నేను కర్ర పొడుచుకుంటూ, కాలు ఈడ్చుకుంటూ, ఫాల్గుణం, మాఘం, పుష్యం అని కేకలు పెట్టుకుంటూ నడవాలి. నా బతుక్కి అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. చేపలు ఆరబోసుకుంటున్న ఒకావిడ తలెత్తి వినేది. నాలుగో రోజో ఐదో రోజో నేను కార్తీకం అన్నానో లేదో, "బాబాయ్, మార్గశిరం ఎగ్గొట్టావు!" అని అరిచింది.

"నీకెందుకు?" అన్నాను మండిపోయి.

"నాకెందుకేంటి, మొన్నటిదాకా రెండు నెలలు ఎగ్గొట్టేవాడివి. ఇయ్యాల ఒకటే పోయింది," అని మళ్ళీ చేపల మీదికి వంగింది. అల్లుడు నవ్వాపుకోలేక సముద్రం వైపు తిరిగాడు. నాకు కోపం వచ్చిన మాట నిజమే. కానీ ఆ రోజు కర్ర మీద బరువు తక్కువ వేశానని తిరిగి వచ్చేటప్పుడు గమనించాను.

ఇంటికొచ్చాక అసలు చిక్కు మొదలైంది. మనసులో బేరం చెయ్యమన్నాడు సరే, నిజంగా వేళ్ళు పట్టుకుని ఎదురు బేరం చేసేవాళ్ళు కావాలి కదా. వీరయ్యను పిలవలేను. అల్లుడికి చెబితే పదిమందికీ చెబుతాడు. చివరికి రత్తమ్మకి తలుపేసి వేళ్ళ లెక్క నేర్పాను. నేర్పుతున్నంతసేపూ మా నాన్న ఎక్కడినుంచో చూస్తున్నట్టు ఉంది. రత్తమ్మ రెండు పూటల్లో పట్టేసింది. "ఇంతేనా? దీనికేనా ఇన్నేళ్ళు నా దగ్గర దాచావు?" అంది.

రోజూ మధ్యాహ్నం అన్నాలయ్యాక మంచం మీద తువ్వాలు కప్పుకుని కూర్చునేవాళ్ళం. లేని ఎద్దులకి బేరం. ఆమె ఏ వేలు పట్టుకుందో నాకు తెలియదు గనక నోటితో చెప్పేది. నేను కళ్ళు మూసుకుని లెక్క కట్టి, సంతను చూసి, ఎదుటివాడి చెమట వాసనతో సహా చూసి, వేలుకి కబురు పెట్టేవాణ్ణి. కదిలిందో లేదో నాకెలా తెలుస్తుంది? చేతికి స్పర్శ లేదు. పైన తువ్వాలు. తువ్వాలు తీసెయ్యొచ్చుగా అంటారేమో. తీస్తే నా కళ్ళు ఆ చచ్చిన వేలు మీదే ఉండేవి, బేరం మనసులోకి వచ్చేది కాదు. అందుకని కప్పే ఉంచాం. ఇక రత్తమ్మ మాటే సాక్ష్యం.

"కదిలిందయ్యా!" అంది ఒకరోజు, వినాయకచవితి వెళ్ళాక. "చూపుడు వేలు. చిన్నగా, దోమ వాలినట్టు."

నాకు ఒళ్ళంతా పులకరించింది. మరుసటి రోజు మళ్ళీ కదిలిందంది. ఆ మరుసటి రోజు రెండు వేళ్ళంది. ఆనందం నిలవనిస్తుందా నా బుద్ధి! నేను బేరగాణ్ణి. అవతలివాడి మొహంలో సంతోషం కనిపిస్తే ముందు ఎద్దు కాళ్ళు చూస్తాను. ఈమెకి నా మీద జాలి. నేను చస్తానన్న మాట మనసులో పెట్టుకుంది. నన్ను బతికించడానికి అబద్ధం చెబుతోంది.

దీపావళి దాటాక పరీక్ష పెట్టాను. ఆమె ధర చెప్పింది. నేను కళ్ళు మూసుకుని సంతనూ తలుచుకోలేదు, వేలునీ తలుచుకోలేదు. రామ రామ అనుకుంటూ కూర్చున్నాను.

"అమ్మో, గుప్పిట బిగించావు! బేరం తెగింది!" అంది.

"దొరికావు," అన్నాను. "నేను వేలు కదపనే లేదు. కదపాలని అనుకోనైనా లేదు. ఇన్ని రోజులూ ఇట్టాగే చెప్పావన్నమాట."

"నా చెయ్యి పిండినట్టు పట్టుకున్నావయ్యా. ఒట్టు."

"ఎవరి మీద ఒట్టు? నా మీదా? నేను ఎలాగూ పోయేవాణ్ణేగా!"

తువ్వాలు ఎత్తి చూద్దామన్న ఆలోచనైనా లేకుండా మొహం గోడవైపు తిప్పుకున్నాను. రత్తమ్మ ఏడవలేదు. నేను పడిపోయిన రోజునుంచీ ఆమె నా ఎదుట కన్నీళ్ళు పెట్టుకోలేదు, దాన్ని కూడా నేను తప్పుగానే లెక్కేశాను. తువ్వాలు మడత పెట్టి దండెం మీద వేసి, పెరట్లోకి వెళ్ళి పిడకలు తిరగేసుకుంది. ఆ రోజుతో మా మధ్యాహ్నం బేరాలు ఆగిపోయాయి. అన్నం పెట్టేది, మందిచ్చేది, మాట మాత్రం లేదు. బాపట్ల వెళ్ళడం కూడా మానేశాను.

ఇక ఎవరి సాక్ష్యమూ వద్దు, సంతలోనే తేల్చుకుంటానని నిశ్చయించుకున్నాను. మాఘమాసంలో పెనుమూడి నుంచి కోటయ్య అనే రైతు వచ్చాడు. మా నాన్న కాలం నుంచీ వాళ్ళ ఎద్దులు మా చేతి మీదే అమ్ముడవుతున్నాయి. "మావా, నా జత అమ్మాలి. నువ్వు సంతలో నిలబడితే చాలు, మిగతాది నేను చూసుకుంటా" అన్నాడు. జాలిపడి ఇస్తున్నాడని తెలుస్తూనే ఉంది. అయినా పలుపులు పుచ్చుకున్నాను. రత్తమ్మ గుమ్మంలో నిలబడి "చెయ్యి ఇంకా నీ మాట వినటంలేదయ్యా, వద్దు" అంది. ఆ మూడు నెలల్లో నాతో అన్న మొదటి మాట అదే. నేను పలుపులు పట్టుకుని గుమ్మం దిగాను.

సంతలో వీరయ్య వచ్చాడు. ఎద్దుల చుట్టూ తిరిగాడు, పళ్ళు చూశాడు, తోక పైకెత్తాడు. "రా అన్నా, చాన్నాళ్ళయింది" అని తన తువ్వాలు కప్పి నా కుడి చెయ్యి అందుకున్నాడు. జనం మూగారు. వాడి మొదటి ధర చెత్త ధర అయివుంటుందని నాకు తెలుసు, ఎప్పుడూ అంతే. ఎడమ చేత్తో నా ముంజేతిని పట్టుకుని వెనక్కి లాక్కుందామనుకుంటున్నాను. అంతలోనే వీరయ్య "తెగింది!" అని అరిచాడు. "బిగించాడు, అందరూ చూడండి, అన్న బిగించాడు!" తువ్వాలు తీశాడు. నా వేళ్ళు వాడి వేళ్ళ చుట్టూ ముడిపడిపోయి ఉన్నాయి. విప్పుదామంటే రావడంలేదు. నేను బిగించలేదు. నా చెయ్యి బిగించింది.

వీరయ్య కావాలనే నా అరచేతిలో గట్టిగా నొక్కాడని ఇప్పటికీ నా అనుమానం. వాడు కాదంటాడు. ఏదైతేనేం, సంతలో మాట పోదు. కోటయ్య "మాట మాటే మావా" అని, ఎద్దుల మెడలోంచి పలుపులు విప్పుకున్నాడు. మా వైపు ఎద్దును అమ్మినా పలుపు ఇవ్వరు. ఆ రెండు పలుపులూ భుజాన వేసుకుని, పెనుమూడి దారి పట్టి నడుచుకుంటూ పోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంటికి వచ్చేటప్పుడు దారంతా ఒకటే ఆలోచన. నేను కదపకుండానే నా చెయ్యి బిగుసుకుంది. అంటే దీపావళి వెళ్ళాక రత్తమ్మ చెప్పింది నిజం. అన్ని రోజులూ చెప్పిందీ నిజమే. ఎవరెవరినో అనుమానించాను గాని, దొంగ నా భుజానికే వేలాడుతున్నాడు.

ఇంట్లోకి వచ్చి తువ్వాలు దండెం మీంచి తీసి మంచం మీద పరిచాను. ఏం జరిగిందో ఆమెకి అప్పటికే ఎవరో చెప్పి ఉంటారు. పిండి చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది. "ముందు ఒక్క సంగతి చెప్పు. ఇప్పుడు బేరమాడేది నువ్వా, నీ చెయ్యా?" అంది. నాకు నవ్వొచ్చింది, ఆ నవ్వుతో పాటే ఏడుపూ వచ్చింది.

మళ్ళీ బాపట్ల వెళ్ళాను. జరిగింది చెబితే డాక్టరు తల ఊపాడు. "బిగించడం ముందు వస్తుందండీ. తెరవడం కష్టం. మీకింక అదే పని" అన్నాడు. నేను చెబుతున్నంతసేపూ ఆయన నా చేతినే చూస్తున్నాడు. "వీరయ్య పేరు ఎత్తినప్పుడల్లా మీ గుప్పిట బిగుస్తోంది. కోపమొచ్చినా బిగుస్తోంది, అనుమానమొచ్చినా బిగుస్తోంది. గమనించారా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. కిందికి చూస్తే వేళ్ళు ముడుచుకుపోయి ఉన్నాయి. ఈసారి అంతా ఆయనకి చెప్పాను, వేళ్ళ లెక్కతో సహా. మా నాన్న క్షమించుగాక. క్యాలెండరు సంగతి కూడా అడిగాను. ఎవరో ఎరువుల కొట్టువాళ్ళు ఇచ్చారట.

ఆ తర్వాత మా ఇంట్లో జరిగిన బేరాలు వింటే మీరు నవ్వుతారు. రత్తమ్మ పని నాకు కోపం తెప్పించడం. "ఇదేం ఎద్దయ్యా, నీ మేనమామలా ఉంది నడక" అనేది. సిగ్గుమాలిన ధర చెప్పేది. నేను కళ్ళు మూసుకుని, శ్వాస వదిలి, వేళ్ళు ఒక్కొక్కటే విచ్చుకుంటున్నట్టు చూసుకుని, నోటితో "వద్దు" అని, అప్పుడు చెయ్యి తెరవాలి. మొదట్లో ఎడమ చేత్తో విప్పాల్సి వచ్చేది. వీరయ్య గొంతు అనుకరించిందంటే చాలు, ఎంత అనుకున్నా గుప్పిట పడిపోయేది. ఒకటి బాగుపడితే రెండు చెడేవి. కొన్నాళ్ళు వెనక్కి కూడా పోయాను, చలికాలంలో వేళ్ళు కర్రలైపోయేవి. విసిగి తువ్వాలు విసిరేసిన రోజులున్నాయి, ఆమె తెచ్చి మళ్ళీ పరిచిన రోజులున్నాయి. నెమ్మదిగా అరచేతిలోకి తిమ్మిరి వచ్చింది. తిమ్మిరిలోంచి స్పర్శ వచ్చింది. ఆమె చేతికి ఎన్ని కాయలు కాశాయో అప్పుడు తెలిసింది నాకు.

అరవై తొమ్మిదిలో, ఏరువాకకి ముందు, కోటయ్య ఒక కోడెను తోలుకుని మళ్ళీ మా గుమ్మంలోకి వచ్చాడు. జాలా, పిచ్చా అనుకున్నాను. ఆ మాటే అడిగాను.

"జాలేంటి మావా," అన్నాడు. "మొన్న మా ఆవిడా మీ ఆవిడా ఇక్కడ బజార్లో కలిశారంట. మీ ఆవిడ కూరగాయలవాడితో బేరమాడే తీరు చూసి మా ఆవిడ దడుచుకుంది. ఈమెతో రోజూ బేరమాడేవాడికి ఇవ్వచ్చంది."

సంతలో వీరయ్య తువ్వాలు కప్పాడు. మొదటి ధర, ఎప్పటిలాగే చెత్త ధర. ఈసారి వాడి వేళ్ళు నాకు తెలుస్తున్నాయి. మొహం మీద నవ్వు, కింద అరచేతి మధ్యలో వాడి బొటనవేలి నొక్కు. నా చేతిలో ఆ పాత బిగువు కదిలింది. కళ్ళు మూసుకున్నాను. వద్దు అనుకున్నాను. వేళ్ళు విచ్చుకున్నాయి, కొంచెం వణికాయి, కానీ విచ్చుకున్నాయి. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మళ్ళీ పట్టుకున్నాడు, మళ్ళీ తెరిచాను. ఎండ నెత్తికెక్కేదాకా అలా సాగింది. వాడి మొహంలో నవ్వు పోయింది. కోటయ్య అనుకున్నదానికంటే పై ధరకి వచ్చాక అప్పుడు బిగించాను. నేనే బిగించాను.

వీరయ్య తువ్వాలు నేలకేసి కొట్టాడు. "ఈ ముసలోడితో ఎవడూ బేరానికి దిగకండి! చెయ్యి పడిపోయిందంటే నమ్మానురా, నాశనమైపోయాను!" అని సంతంతా వినిపించేలా తిట్టాడు.

ఇంటికెళ్ళి రత్తమ్మతో చెప్పాను. ఆమె "నిజంగా తిట్టాడా? నా మనసు కుదుటపడాలని చెబుతున్నావా?" అంది.

"ఒట్టే."

"నీ ఒట్లు నాకొద్దు. ఇంతకాలం నా మాట నువ్వు నమ్మావా?"

తర్వాతి సంతకి చీర మార్చుకుని నాతో పాటు బయల్దేరింది. మా ఆడవాళ్ళు పశువుల సంతలోకి రారు. జనం పక్కకి తప్పుకుంటుంటే ఎద్దుల మధ్యనించి తిన్నగా వీరయ్య ముందుకు వెళ్ళి నిలబడింది.

"ఏం తమ్ముడూ, మా ఆయన చెయ్యి ఎట్టా ఉంది?"

వీరయ్య రెండు చేతులూ జోడించాడు. "ఏం చెప్పమంటావు వదినా! దొంగ కొడుకు నా వేళ్ళు విరిచాడు. పావలా చొప్పున పెంచబోతే జారిపోతాడు. ఎందుకు బాగుచేశావు తల్లీ ఆ చెయ్యిని, నా పొట్ట కొట్టడానికి కాకపోతే!"

రత్తమ్మ అక్కడే, పేడ, గడ్డి అనుకోకుండా, బండి చక్రం పక్కన కూలబడింది. రెండేళ్ళ ఏడుపు ఒక్కసారి వచ్చింది ఆమెకి. పమిట అడ్డం పెట్టుకోవాలని కూడా తోచలేదు. వీరయ్య బెదిరిపోయి నా వైపు చూశాడు.

"నేనేమన్నానన్నా? తిట్టింది నిన్ను కదా, ఆమె ఏడుస్తదేంటి?"